లిండ్సే ఆండర్సన్: సినిమాకూ సినిమాకూ మధ్య ఆయన ఎక్కడున్నారు?

ప్రశ్న: వెండితెర విద్యార్థి

బ్రిటిష్ దర్శకుడు లిండ్సే ఆండర్సన్ తీసిన కథాచిత్రాలను విడుదలైన వరుసలో చూడాలని రెండు నెలల క్రితం మొదలుపెట్టి, నిన్నటితో పూర్తిచేశాను. 1963లో ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’, 1968లో ‘ఇఫ్’, 1973లో ‘ఓ లక్కీ మ్యాన్!’, 1975లో ‘ఇన్ సెలబ్రేషన్’, 1982లో ‘బ్రిటానియా హాస్పిటల్’, 1987లో ‘ద వేల్స్ ఆఫ్ ఆగస్ట్’. వెండితెర కోసం ఆయన తీసిన నిండు నిడివి కథాచిత్రాలు ఈ ఆరే. మొదటి చిత్రంతోనే కథానాయకుడు రిచర్డ్ హారిస్‌కు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. రెండో చిత్రానికి 1969లో అదే ఉత్సవంలో అగ్ర పురస్కారం దక్కింది. అంతటి గుర్తింపు పొందిన మనిషి పాతికేళ్లలో ఆరు చిత్రాలతో ఎందుకు సరిపెట్టుకున్నారో నాకు అంతుపట్టడం లేదు.

ఆయన గురించి చదివిన చోటల్లా రెండు సమాధానాలు కనిపిస్తున్నాయి. ఆయన మాట కటువు, నిర్మాతలతో పొసగేది కాదు, అందుకే అవకాశాలు తగ్గాయన్నది ఒకటి. ఆ మధ్య కాలంలో ఆయన నాటకాలు చేశారని ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోవడం రెండోది. ఈ రెండో మాటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతోంది. నాటకం ఆయనకు సినిమా దొరకనప్పటి కాలక్షేపమా, లేక మనం చూడలేకపోయిన అసలు పని అదేనా? నాటక ప్రదర్శన ముగిసిన రాత్రితోనే మాయమవుతుంది కనుక, సినిమాలు మాత్రమే చూసిన నాలాంటివారు ఆయనను ఎలా అర్థం చేసుకోవాలి?

దీనికి తోడు మరో సందేహం కూడా ఉంది. బోర్డింగ్ పాఠశాలలో విద్యార్థుల తిరుగుబాటు కథ అయిన ‘ఇఫ్’ చిత్రంలో రంగుల దృశ్యాల మధ్య ఉన్నట్టుండి నలుపు తెలుపు దృశ్యాలు వస్తాయి. ఊహకూ వాస్తవానికీ మధ్య గీసిన గీతగా వాటిని చదవబోయి విఫలమయ్యాను. కల అనిపించేవి రంగుల్లోనూ ఉన్నాయి, పక్కా నిజం అనిపించేవి నలుపు తెలుపులోనూ ఉన్నాయి. తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: రంగస్థలాభిమాని

మీరు వేసిన లెక్క సరైనదే, కానీ అది ఆయన పనిలో ఒక సగానికి మాత్రమే వేసిన లెక్క. రెండో సగం లండన్‌లోని స్లోన్ స్క్వేర్‌లో ఉన్న రాయల్ కోర్ట్ థియేటర్‌లో ఉంది. కొత్త రచయితల నాటకాలకు వేదిక కావాలన్న ఉద్దేశంతో జార్జ్ డివైన్ అక్కడ 1956లో ఇంగ్లిష్ స్టేజ్ కంపెనీని నిలబెట్టారు. మరుసటి ఏడాదే ఆండర్సన్ అక్కడ అడుగుపెట్టారు. 1959లో ఆయన దర్శకత్వంలో వచ్చిన విల్లిస్ హాల్ నాటకం ‘ద లాంగ్ అండ్ ద షార్ట్ అండ్ ద టాల్’ పీటర్ ఓటూల్ అనే యువనటుణ్ణి లండన్ ప్రేక్షకుల ముందు నిలిపింది. అదే ఏడాది ఆయన ప్రదర్శించిన జాన్ ఆర్డెన్ నాటకం ‘సార్జెంట్ మస్‌గ్రేవ్స్ డాన్స్’ను విమర్శకులు చాలామంది తిరస్కరించారు, ప్రేక్షకులూ పలచగానే వచ్చారు. కాలం గడిచాక అదే నాటకం ఆ తరపు ముఖ్య రచనల్లో ఒకటిగా స్థిరపడింది. 1960లో ‘బిల్లీ లయర్’ నాటకంలో ఆల్బర్ట్ ఫిన్నీని కథానాయకుడిగా నిలబెట్టారు. అంటే మీరు మొదటిది అనుకుంటున్న చిత్రం తీసేనాటికి ఆయన రంగస్థలం మీద స్థిరపడిన దర్శకుడు.

అసలు విషయం మాత్రం డేవిడ్ స్టోరీతో మొదలవుతుంది. యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డ్‌లో గని కార్మికుడి కొడుకుగా పుట్టి, లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చిత్రలేఖనం చదువుకుంటూనే లీడ్స్ జట్టు తరఫున రగ్బీ లీగ్ ఆడిన రచయిత ఆయన. ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ ఆయన నవలే, చిత్రానువాదం కూడా ఆయనదే. ఆ చిత్రం ఇద్దరినీ కలిపింది, ఆ స్నేహం నాటకాల్లో పండింది. స్టోరీ రాసిన తొమ్మిది నాటకాలకు ఆండర్సన్ తొలి ప్రదర్శనల దర్శకుడు. వాటిలో ‘ఇన్ సెలబ్రేషన్’, ‘ద కాంట్రాక్టర్’, ‘హోమ్’, ‘ద చేంజింగ్ రూమ్’ అనే నాలుగూ 1969 నుంచి 1971 వరకు, మూడేళ్లు నిండకుండానే రాయల్ కోర్ట్‌లో వచ్చాయి. ‘ఇఫ్’కూ ‘ఓ లక్కీ మ్యాన్!’కూ మధ్య మీకు ఖాళీగా కనిపిస్తున్న కాలం సరిగ్గా ఇదే. అంతేకాక 1969 నుంచి ఆయన ఆ థియేటర్ కళాత్మక నిర్వహణ బాధ్యతను విలియం గాస్కిల్, ఆంథొనీ పేజ్‌లతో కలిసి పంచుకున్నారు కూడా.

ఆ నాటకాల తీరు కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఆయన సినిమాకు తాళంచెవి అక్కడే ఉందని నా నమ్మకం. ‘ద కాంట్రాక్టర్’లో డేరాలు వేసే ఒక గుత్తేదారు కూతురి పెళ్లి. మొదటి అంకంలో పనివాళ్లు రంగస్థలం మీదనే నిజమైన డేరా ఒకటి లేపుతారు, రెండో అంకంలో దాన్ని అలంకరిస్తారు, విందు మాత్రం మనకు కనిపించని చోట జరిగిపోతుంది, మూడో అంకంలో చిందరవందరగా మిగిలిన ఆ డేరాను విప్పి మడిచి తీసుకుపోతారు. చెప్పుకోదగ్గ కథ అంతకంటే లేదు. తాళ్లు బిగించడం, గుంజలు నిలబెట్టడం, ఆ పని మధ్యలో పనివాళ్ల ఎగతాళి, యజమాని అసహనం, ఇవే నాటకం. నటులు నటిస్తున్నట్టు కాక పని చేస్తున్నట్టు ఉండాలి, ఆ పనిలోంచే మనిషి బయటపడాలి. ‘ద చేంజింగ్ రూమ్’లోనూ అంతే. రగ్బీ ఆట మనకు ఒక్క క్షణమైనా కనిపించదు, ఆటకు ముందూ విరామంలోనూ ఆట ముగిశాకా ఆటగాళ్లు దుస్తులు మార్చుకునే గది మాత్రమే కనిపిస్తుంది. అందులో నాయకుడంటూ ఎవరూ లేరు. ఇరవైమందికి పైగా మనుషులు గదిలోకి వస్తారు, కాసేపు ఒక జట్టుగా ఒక్కటవుతారు, మళ్లీ ఎవరి దారిన వారు పోతారు.

‘హోమ్’ ఇంకా సున్నితమైనది. జాన్ గీల్‌గుడ్, రాల్ఫ్ రిచర్డ్‌సన్ అనే ఇద్దరు మహానటులు తోటలో కుర్చీల్లో కూర్చుని వాతావరణం గురించీ బంధువుల గురించీ తెగిపోయే వాక్యాల్లో మాట్లాడుకుంటూ ఉంటారు. అది మానసిక చికిత్సాలయమని ప్రేక్షకుడికి నెమ్మదిగా తెలిసివస్తుంది, ఎవరూ ఆ మాట ప్రకటించరు. ఇద్దరూ గొప్ప స్వరసంపద గలవారు. ఆ సంపదను దాచుకుని, మౌనాన్ని నమ్మమని వాళ్లిద్దరినీ ఒప్పించడమే దర్శకుడి ఘనత. ఆ నాటకం లండన్‌లో విజయం సాధించి న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకు కూడా వెళ్లింది.

ఇక సినిమాలకు వద్దాం. జోస్లిన్ హెర్బర్ట్ రాయల్ కోర్ట్‌లో రంగాలంకరణకు కొత్త దారి చూపిన కళాకారిణి. ‘ఇఫ్’, ‘ఓ లక్కీ మ్యాన్!’, ‘ద వేల్స్ ఆఫ్ ఆగస్ట్’ చిత్రాల కళాదర్శకత్వం ఆమెదే. ‘హోమ్’లో నటించిన డాండీ నికోల్స్, మోనా వాష్‌బోర్న్, వారెన్ క్లార్క్, రాల్ఫ్ రిచర్డ్‌సన్ నలుగురూ ‘ఓ లక్కీ మ్యాన్!’లో కనిపిస్తారు. ఆ చిత్రంలో ఒకే నటుడు రెండు మూడు పాత్రలు వేయడం మీరు గమనించే ఉంటారు. కంపెనీ నాటకాల్లో సహజమైన ఆ పద్ధతిని ఆయన తెర మీదకు తెచ్చి, పేర్లూ హోదాలూ మారినా అధికారం ముఖం మారదన్న అర్థం రాబట్టారు. చివరికి డబ్బు విషయంలోనూ రంగస్థలమే దారి చూపింది. ‘ఇఫ్’ను నిర్మించిన మెమోరియల్ సంస్థ ‘బిల్లీ లయర్’ నాటి ఆల్బర్ట్ ఫిన్నీ, మైకేల్ మెడ్విన్ కలిసి నడిపిన సంస్థ. కనుక మీరు అడిగిన కాలక్షేపం అన్న మాటను నేను ఎంతమాత్రం ఒప్పుకోలేను.

జవాబు 2: పాత రీళ్లు

రంగస్థలాభిమాని గారు చెప్పినదంతా నిజమే. అయితే ఆండర్సన్ కథ 1957లో రాయల్ కోర్ట్ గడప దగ్గర మొదలుకాలేదు కనుక, అంతకు ముందున్న పదేళ్లను కూడా ఇక్కడ చేర్చాలనిపించింది.

ఆయన 1923 ఏప్రిల్ 17న బెంగళూరులో ఒక సైనికాధికారి కుమారుడిగా పుట్టారు, ఇంగ్లండ్‌లో చెల్టెన్‌హామ్ కళాశాలలోనూ ఆక్స్‌ఫర్డ్‌లోని వాధమ్ కళాశాలలోనూ చదివారు. యుద్ధకాలంలో సైన్యంలో చేరి, ఢిల్లీలో శత్రువుల రహస్య సందేశాలను ఛేదించే విభాగంలో పనిచేశారు. తిరిగి ఆక్స్‌ఫర్డ్ చేరాక, పాఠశాల నాటి మిత్రుడు గావిన్ లాంబర్ట్ తదితరులతో కలిసి ‘సీక్వెన్స్’ అనే సినిమా పత్రికను నడిపారు. అప్పటి బ్రిటిష్ సినిమా పై తరగతి మర్యాదలో కూరుకుపోయిందనీ, దేశంలోని మామూలు మనిషి ముఖం తెర మీద గౌరవంగా కనిపించడం లేదనీ ఆ పత్రిక నిర్మొహమాటంగా రాసింది. ఆయన మాట కటువన్న పేరుకు మూలం అక్కడుంది.

రాయడంతో ఆగకుండా తీయడమూ అప్పుడే మొదలైంది. 1948లో వేక్‌ఫీల్డ్ దగ్గర గనులకు బొగ్గు మోసే కన్వేయర్లు తయారుచేసే ఒక కర్మాగారం తన గురించి చిత్రం తీసిపెట్టమని ఆయనను పిలిచింది. సినిమా తీయడం ఆయన ఆ కర్మాగారంలోనే నేర్చుకున్నారు. 1952లో అదే పట్టణపు వారపత్రిక గురించి ‘వేక్‌ఫీల్డ్ ఎక్స్‌ప్రెస్’ తీశారు. పదేళ్ల తరువాత ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ చిత్రీకరణకు అదే వేక్‌ఫీల్డ్ రగ్బీ మైదానానికి వెళ్లారు. స్టోరీ పుట్టిన ఊరు ఆయన కెమెరాకు అప్పటికే పరిచయమన్న సంగతి నాకు ఎంతో ముఖ్యంగా తోస్తుంది. చెల్టెన్‌హామ్‌లో చదివిన సైనికాధికారి కొడుకు గని కార్మికుడి కొడుకు రాసిన కథను పర్యాటకుడి కళ్లతో చూడకపోవడానికి అదే కారణం.

మీరు తప్పక చూడవలసినవి రెండు చిన్న చిత్రాలున్నాయి, రెండూ మార్గేట్ అనే సముద్రతీర పట్టణంలో ఇంచుమించు ఒకే కాలంలో తీసినవి. బధిర బాలల పాఠశాల గురించి గై బ్రెంటన్‌తో కలిసి తీసిన ‘థర్స్‌డేస్ చిల్డ్రన్’కు వ్యాఖ్యానం చెప్పింది రిచర్డ్ బర్టన్, దానికి లఘు డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ వచ్చింది. ఒక్క పదాన్ని పలకడానికి పిల్లలు పడే శ్రమను ఆ కెమెరా ఎంత ఓపికగా, ఎంత ప్రేమగా చూస్తుందో మాటల్లో చెప్పలేను. అదే ఊళ్లోని వినోదాల పార్కులో తీసిన ‘ఓ డ్రీమ్‌ల్యాండ్’ 12 నిమిషాల చిత్రం. వ్యాఖ్యానం ఒక్క మాటా ఉండదు. యంత్రంతో నవ్వే బొమ్మ నవ్వు, పాటల పెట్టె హోరు, వాటి మధ్య ఏమీ తోచక తిరిగే జనం, అంతే. జనాన్ని చులకన చేశారని కొందరు విమర్శించారు. నాకు మాత్రం ఆ కోపం జనం మీద కాక, వాళ్లకు వినోదం పేరుతో అంటగడుతున్న సరుకు మీద అనిపిస్తుంది. ఆస్కార్ పొందిన కరుణా, ఈ ఆగ్రహమూ ఒకే మనిషివి. ఈ రెండూ కలిసినప్పుడే ‘ఇఫ్’ పుట్టింది.

‘ఓ డ్రీమ్‌ల్యాండ్’ను ఎవరూ ప్రదర్శించకపోవడంతో అది కొన్నేళ్లు పెట్టెలోనే ఉండిపోయింది. 1956 ఫిబ్రవరి 5న లండన్‌లోని నేషనల్ ఫిల్మ్ థియేటర్‌లో కారెల్ రైజ్, టోనీ రిచర్డ్‌సన్ కలిసి తీసిన ఒక చిత్రాన్నీ, లొరెంజా మజ్జెట్టి తీసిన మరొక చిత్రాన్నీ దానికి జతచేసి ‘ఫ్రీ సినిమా’ పేరుతో ప్రదర్శించారు. ఆ సందర్భంగా వెలువరించిన చిన్న ప్రకటన సారాంశం ఇది: ఏ చిత్రమూ మరీ వ్యక్తిగతమైపోదు, దృశ్యం మాట్లాడుతుంది, ధ్వని దాన్ని పెంచి వ్యాఖ్యానిస్తుంది, నిడివితో నిమిత్తం లేదు, పరిపూర్ణత లక్ష్యం కాదు, వైఖరే శైలి, శైలే వైఖరి. 1959 వరకు ఆరు విడతలుగా ఆ ప్రదర్శనలు సాగాయి. వాటిలో భాగంగానే, కోవెంట్ గార్డెన్ కూరగాయల, పండ్ల, పూల అంగడిలో రాత్రంతా పనిచేసేవారి మీద ఫోర్డ్ కంపెనీ సొమ్ముతో తీసిన ‘ఎవ్రీ డే ఎక్సెప్ట్ క్రిస్మస్’ 1957లో వచ్చింది. పనిచేసే చేతులను చూడడంలో తృప్తి ఎలా ఉంటుందో ఆ చిత్రంలో చూసి, తరువాత ‘ద కాంట్రాక్టర్’ డేరా గురించి మరోసారి చదవండి. రెండింటి మధ్య బంధుత్వం మీకే కనిపిస్తుంది.

ఇక మీ రెండో సందేహం. నలుపు తెలుపు దృశ్యాల వెనుక సంకేతాల పట్టిక ఏదీ లేదు. పాఠశాల ప్రార్థనా మందిరం చాలా పెద్దది, రంగుటద్దాల కిటికీలున్నది. ఉన్న డబ్బుతో, ఉన్న సమయంలో దాన్ని రంగుల్లో తీస్తే, కిటికీల్లోంచి వచ్చే వెలుగు మారినప్పుడల్లా రంగు ఒకేలా ఉంటుందన్న హామీ ఇవ్వలేనని చెక్ ఛాయాగ్రాహకుడు మిరొస్లావ్ ఒండ్రిచెక్ చెప్పారు. అయితే నలుపు తెలుపులో తీద్దామని ఆండర్సన్ నిర్ణయించారు. ఆ మార్పు తెర మీద కలిగించే కుదుపు ఆయనకు నచ్చి, మందిరంతో సంబంధం లేని మరికొన్ని చోట్ల కూడా ఇష్టపూర్వకంగా వాడారు. దీన్ని కేవలం డబ్బు సమస్యగా కొట్టిపారేయడమూ తప్పే. అంతకు ముందే షెలా డెలానీ రచనతో, ఇదే ఛాయాగ్రాహకుడితో తీసిన ‘ద వైట్ బస్’లో నలుపు తెలుపు చిత్రం మధ్య రంగుల ముక్కలు చొప్పించిన అనుభవం ఆయనకు ఉంది. అవసరం తలుపు తట్టినప్పుడు ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉందన్నమాట. ఆ కుదుపు వల్ల ప్రేక్షకుడు కథలో మునిగిపోకుండా మేలుకుని చూస్తాడు, అందుకే చివర పైకప్పు మీది తుపాకులు కలా నిజమా అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. మీరు విఫలమయ్యారని బాధపడనవసరం లేదు, గీత ఎక్కడుందో తెలియకుండా చేయడమే ఆ పద్ధతి ఫలితం.

వెండితెర విద్యార్థి

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ‘ఇన్ సెలబ్రేషన్’ను నేను ఒక చిత్రీకరించిన నాటకంగా భావించి తొందరగా దాటవేశానని ఇప్పుడు అర్థమవుతోంది. తల్లిదండ్రుల నలభయ్యో వివాహ వార్షికోత్సవానికి గనుల ఊరికి తిరిగివచ్చిన ముగ్గురు అన్నదమ్ముల కథలో అలన్ బేట్స్, జేమ్స్ బోలమ్, బ్రయన్ కాక్స్ ఒకరి మాటను ఒకరు అందుకునే తీరు చూసి, ఇంత సాన్నిహిత్యం చిత్రీకరణకు దొరికే కొద్ది వారాల్లో ఎలా కుదిరిందా అని ఆశ్చర్యపోయాను. 1969 నాటి రంగస్థల నటవర్గమే ఆ చిత్రంలోనూ ఉందా?

ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. 1975 తరువాత రాయల్ కోర్ట్ బాధ్యత కూడా లేదు కదా. మరి 1982 దాకా సినిమా లేకపోవడానికి రంగస్థలం ఒక్కటే కారణం కాగలదా?

జవాబు 3: మూడో వరుస ప్రేక్షకుడు

మీ అనుమానం న్యాయమైనది. పై ఇద్దరి మీద నాకు గౌరవం ఉంది, కానీ రంగస్థలంతో అన్నిటికీ జవాబు చెప్పడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. ఆయన కోరుకున్న సినిమాలు తీయలేకపోయిన బాధను అది కప్పిపుచ్చుతుంది.

‘ఇఫ్’కు పెట్టుబడి పెట్టిన పారమౌంట్ గానీ, ‘ఓ లక్కీ మ్యాన్!’ను విడుదల చేసిన వార్నర్ బ్రదర్స్ గానీ అమెరికా సంస్థలే. అరవయ్యో దశకంలో లండన్‌కు ధారాళంగా వచ్చిన అమెరికా డబ్బు ఆ దశకం ముగిసేసరికి వెనక్కి మళ్లింది, బ్రిటన్‌లో సొంతంగా నిలబడగల నిర్మాణ వ్యవస్థ మిగలలేదు. అంతకు ముందు కూడా, ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ విమర్శకుల మెప్పు పొందినా డబ్బు తేకపోవడంతో, దాన్ని విడుదల చేసిన ర్యాంక్ సంస్థ అధిపతి ఇలాంటి కార్మిక జీవిత చిత్రాలు ఇక వద్దని బాహాటంగా ప్రకటించారు. కనుక తొలి చిత్రం తరువాత అయిదేళ్లు ఆగవలసిరావడంలో దర్శకుడి కోపం కంటే పరిశ్రమ పిరికితనం పాలే ఎక్కువ.

‘బ్రిటానియా హాస్పిటల్’ సంగతి మరీ విషాదకరం. సమ్మెలు, నిరసనలు, రాజకుటుంబీకుల సందర్శన, శవాల ముక్కలతో కొత్త మనిషిని తయారుచేయబోయే వైద్యుడు, వీటన్నిటితో నిండిన ఆసుపత్రిని ఆయన దేశానికి ప్రతీకగా నిలిపారు. యాజమాన్యాన్ని విడిచిపెట్టలేదు, కార్మిక సంఘాలనూ విడిచిపెట్టలేదు. అందువల్ల అటు సంప్రదాయవాదులకూ ఇటు వామపక్షం వారికీ చిత్రం మింగుడుపడలేదు. పైగా 1982లో అర్జెంటీనాతో ఫాక్‌లాండ్ యుద్ధం జరుగుతూ, దేశమంతా జెండాల ఉత్సాహంలో ఉన్న రోజుల్లో అది విడుదలైంది. ‘ఇఫ్’లో తిరుగుబాటుదారుడిగా, ‘ఓ లక్కీ మ్యాన్!’లో కాఫీ అమ్మేవాడిగా మాల్కమ్ మెక్‌డోవెల్ పోషించిన మిక్ ట్రావిస్ ఈ మూడో చిత్రంలో రహస్య కెమెరాతో తిరిగే విలేకరిగా మారి, చివరకు ఆ వైద్యుడి చేతిలో ముక్కలవుతాడు. తన సొంత కథానాయకుణ్ణి అలా ముగించిన దర్శకుడిలో ఎంత నిరాశ పేరుకుని ఉండాలో ఆలోచించండి. నా దృష్టిలో అది లోపాలున్న చిత్రమే. వ్యంగ్యం చాలాచోట్ల అరుపుగా మారింది, ‘హోమ్’లో చూపిన నిగ్రహం ఇక్కడ కరువైంది. అయినా తన దేశం మీద అంత బాధతో తీసిన చిత్రాన్ని అంత తొందరగా పక్కనపెట్టడం అన్యాయమని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ తరువాత ఆయన బ్రిటన్‌లో మరో వెండితెర కథాచిత్రం తీయలేదు.

స్వభావం గురించి కూడా ఒక మాట. 1985లో ‘వామ్’ అనే పాప్ బృందం చైనా పర్యటనను చిత్రీకరించడానికి ఆయనను నియమించారు. గాయకుల కంటే చైనా ప్రజల జీవితాన్ని ఎక్కువగా చూపిన ఆయన కూర్పు అవతలివారికి నచ్చలేదు, చిత్రాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని మార్చి విడుదల చేశారు. మార్గేట్ పార్కులో జనాన్ని చూసిన కళ్లే అక్కడా పనిచేశాయి. దాన్ని మొండితనం అనేవారు అనవచ్చు. నేను మాత్రం ఆయనకు మరోలా చూడడం చేతకాలేదంటాను.

రంగస్థలాభిమాని

ముందుగా విద్యార్థి గారి ప్రశ్నకు: అవును, రాయల్ కోర్ట్ ప్రదర్శనలో నటించినవారే ఆ చిత్రంలోనూ నటించారు. ఆరేళ్ల క్రితం రాత్రి రాత్రికీ కలిసి నటించిన అనుభవం వాళ్ల మధ్య ఉంది కనుకనే ఆ సాన్నిహిత్యం.

మూడో వరుస ప్రేక్షకుడు గారి అభ్యంతరాన్ని నేను చాలావరకు అంగీకరిస్తున్నాను. ఆయన తీయాలనుకుని తీయలేకపోయిన చిత్రాల బాధను నాటకాల జాబితాతో తూచలేము. కానీ ఆ చివరి ఏళ్లను ఓటమిగా మాత్రమే చదవకండని మనవి. 1980లో నేషనల్ థియేటర్‌లో స్టోరీ నాటకం ‘ఎర్లీ డేస్’లో వృద్ధుడైన రాల్ఫ్ రిచర్డ్‌సన్‌ను మళ్లీ నడిపించారు. అదే వేదిక మీద 1989లో ‘ద మార్చ్ ఆన్ రష్యా’, 1992లో ‘స్టేజెస్’ చేశారు. తొలి నవల నుంచి చివరి నాటకం వరకు ఒక రచయితతో ముప్ఫై ఏళ్లు కలిసి పనిచేసిన దర్శకులు ఎంతమంది ఉంటారు?

‘ద వేల్స్ ఆఫ్ ఆగస్ట్’ను కూడా ఈ వెలుగులో చూడవచ్చు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక చిన్న దీవి మీద, తొంభై ఏళ్లు దాటిన లిలియన్ గిష్, జబ్బుతో కృశించిన బెట్టీ డేవిస్ అక్కచెల్లెళ్లుగా ఒక ఇంట్లో గడిపే రోజు అది. మూకీల కాలంలో పుట్టిన ఒక నటనా పద్ధతీ, స్టూడియోల కాలంలో రాటుదేలిన మరో పద్ధతీ ఒకే గదిలో ఢీకొంటాయి. ఆయన కెమెరాను ఎగిరించకుండా, ఇద్దరికీ కావలసినంత సమయం ఇచ్చి, దూరంగా నిలబడి చూశారు. తోటలో కుర్చీల మీద గీల్‌గుడ్, రిచర్డ్‌సన్‌లను అలా కూర్చోబెట్టి చూసిన మనిషి కనుకనే అది సాధ్యమైంది.

పాత రీళ్లు

మరింత లోతుగా చదవాలనుకుంటే, ఆయన ఉత్తరాలూ డైరీలూ పని కాగితాలూ స్కాట్లండ్‌లోని స్టర్లింగ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. డైరీలలో కొంత భాగం 2004లో పుస్తకంగా వచ్చింది. అందులో నాటక సాధనల గురించి రాసుకున్న పుటలు మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినవి.

చూడవలసిన జాబితాలో ఒకటి చేర్చండి. బీబీసీ స్కాట్లండ్ కోసం ఆయన తన గురించే తీసుకున్న ‘ఈజ్ దట్ ఆల్ దేర్ ఈజ్?’ అనే చిన్న చిత్రం. రోజువారీ పనులు, ఇంటికి వచ్చిపోయే మిత్రులు, పనిలో పనిగా వాదోపవాదాలు, ఇవన్నీ అయ్యాక చివరన అందరూ థేమ్స్ నది మీద ఒక పడవ ఎక్కుతారు. ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ నాయిక రేచల్ రాబర్ట్స్, ‘బ్రిటానియా హాస్పిటల్’లో నటించిన జిల్ బెన్నెట్, ఇద్దరి చితాభస్మాన్నీ నీళ్లలో కలుపుతారు, ‘ఓ లక్కీ మ్యాన్!’కు పాటలు కట్టిన అలన్ ప్రైస్ అదే పడవలో పాడతారు. అది తీసిన కొద్ది కాలానికే, 1994 ఆగస్టు 30న, ఫ్రాన్స్‌లో ఉండగా గుండెపోటుతో ఆండర్సన్ మరణించారు. ఆ పడవలో ఎవరెవరున్నారో పేరు పేరునా గుర్తుపట్టడానికి ప్రయత్నించండి. ఇంతసేపూ మనం చెప్పుకున్నవారే చాలామంది కనిపిస్తారు.

వెండితెర విద్యార్థి

తప్పకుండా చూస్తాను. ముందు మార్గేట్‌లో తీసిన రెండు చిన్న చిత్రాలు, తరువాత ‘ఇన్ సెలబ్రేషన్’ మరోసారి, ఆ పైన ఈ పడవ చిత్రం, ఈ వరుసలో చూద్దామనుకుంటున్నాను. ‘హోమ్’, ‘ద కాంట్రాక్టర్’ నాటక ప్రతులు కూడా సంపాదించి చదివి, డేరా లేపే అంకం చదువుతున్నప్పుడు నాకు ఏమి కనిపించిందో ఇక్కడే రాస్తాను.